గుండ్రటి అడుగు

నేను ఒక ఎర్ర బకెట్టును. నిప్పంటుకుంటే ఆర్పడానికని సికింద్రాబాదు పక్కన ఒక రైల్వే వర్క్‌షాపు గోడకు వేలాడదీసిన ఇనప బకెట్టును. నా అడుగు గుండ్రం. నేల మీద పెడితే దొర్లిపోతాను. కార్మికులు ఇంటికి ఎత్తుకుపోయినా పనికి రాకూడదని రైల్వే దొరలు అలా చేయించారు. మనిషి తన తెలివిని తోటిమనిషిని అనుమానించడానికి వాడినంతగా ఇంకెందుకూ వాడడు.

అయినా సమ్మెట కొట్టే రాజలింగం నన్ను ఎత్తుకొచ్చాడు. కార్మికులు తమ చేతులతో కట్టుకున్న వాడలో ఇళ్లున్నాయి, నీడ లేదు. ఆయన ఇంటి ముందు నిద్రగన్నేరు మొక్క నాటాడు. ఆయన భార్య కనకవ్వ దాని పక్కనే నా అడుగుకు సరిపడా గుంట తవ్వి నన్ను కూర్చోబెట్టింది.

"నిలబడు ఇగ," అంది.

పన్నెండేళ్లు ఆ మొక్కకు నీళ్లు మోసి, మళ్లీ ఆ గుంటలోనే కూర్చున్నాను. దాని వేళ్లు నా చుట్టూ వంకర తిరిగి పెరిగాయి. చెట్టు పెద్దదయ్యాక నన్ను పెకలించి నాలో కోళ్లకు తౌడు కలిపారు. చెట్టును మాత్రం వాడంతా మెచ్చుకుంది.

ఇప్పుడు ఆదివారం పొద్దున్నే నగరం జనం టోపీలు పెట్టుకుని పాత వాడ చూడటానికి నడిచొస్తారు. ఇళ్ల ముందు నుంచి సాగిపోతారు, చెట్టు దగ్గర ఆగుతారు, కౌగిలించుకుంటారు. నన్ను ఇంతవరకూ ఎవరూ కౌగిలించుకోలేదు.

మొన్నటి ఆదివారం వాళ్లను తిప్పే కుర్రాడు విశాల్ ఒక బోర్డు తెచ్చాడు. చెట్టు నాటించింది ఫలానా దొర అని రాసి ఉంది. చెట్టు మీద నాకు అసూయ పాతదే. ఆ దొర మీద అప్పుడే పుట్టింది.

రాజలింగం మనుమరాలు సత్తెమ్మకు ఎనభై దాటాయి. అరుగు మీంచే అడిగింది.

"ఏ దొర, బిడ్డా? నాటింది మా తాత."

"పుస్తకంలో అలాగే ఉందమ్మా."

"పుస్తకం నీళ్లు వోసిందా?"

"మీ దగ్గర ఆధారం ఏమైనా ఉందా అమ్మా?"

ఆమె కోళ్లగూటి మీంచి నన్ను దించి, తౌడు దులిపింది. చెట్టు మొదట్లో ఎండుటాకులు కాలితో తోసింది. వేళ్ల మధ్య గుండ్రటి గుంట బయటపడింది. నన్ను అందులో పెట్టింది.

నేను దొర్లలేదు.

విశాల్ బోర్డు సంచిలో పెట్టేశాడు.

ఈ ఆదివారం కొత్త బోర్డు తగిలించారు. 'రాజలింగం, కనకవ్వ పెంచిన చెట్టు.' న్యాయమే. బకెట్టు ఊసు లేదు. అందరూ మెడలు వెనక్కి వాల్చి కొమ్మలకు ఫోటోలు తీసుకున్నారు.

నన్ను మళ్లీ ఎవరూ పైకి తీయలేదు. ఏనాటి తుప్పుకో నా అడుగున చిల్లు పడింది. రాత్రి వాన నాలో నిండుగా కురిసింది. తెల్లారేసరికి చుక్క మిగల్లేదు. అంతా ఆ చెట్టే తాగేసింది.