తొడిమ దగ్గర కాటు

పొద్దున్నే గడ్డి తొలగించి, మాగబెట్టిన మామిడి పండ్లను తిప్పడం నా పని. ఆ రోజు కూడా ఒక పండు కొరికి ఉంది. గదికి వేసిన తాళం వేసినట్టే ఉంది, తాళంచెవి నా నడుముకే ఉంది. అయినా వరసగా ఐదో రోజు, తాండూరు బండల మీద పరిచిన పండ్లలో మేలైనదానికే, తొడిమ దగ్గర ఒక్క కాటు.

మా ఆయన మల్లప్ప అట్లాగే తినేవాడు. ముందు తను కొరికి, కండంతా తినేసి, టెంక నా కంచంలో వేసేవాడు. "ఆడదానికి టెంకనే తీపి" అనేవాడు. నలభై ఏండ్లు టెంకలే చీకాను. పశువుల కొట్టం వెనక నేను విసిరిన ఒక టెంకే మొలిచి, ఈ పండ్లు కాసిన చెట్టయింది. ఆయన పోయిన ఏడాదే మొదటి కాపు కాసింది.

మరిది బీరన్న ఆ కాటు చూసి చేతులు జోడించాడు.

"అన్ననే వదినా! రుచి చూడనీకె వస్తున్నడు. రేపు తోటల ఆఫీసు మేడం వస్తే, గీ కొత్త రకానికి 'మల్లప్ప పసందు' అని పేరు రాయిస్త. నువ్వు ఏలిముద్ర ఏస్తే సాలు."

"చెట్టు నేను పెంచిన. పేరు నేనే రాస్త. రాసుడు నేర్చుకున్న గద."

"నాలుగు అక్షరాలకే గింత గీర ఎందుకు?"

కాటు నడుమ ఒక పన్ను గుర్తు లేదు. ఆయనకు పన్ను ఊడిందా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. తలెత్తి ఆయన ముఖం చూసిందెప్పుడు? సబ్బుతో రెండుసార్లు కడిగినా నా గోళ్ల సందున మామిడి వాసన పోలేదు.

మర్నాడు నవనీత మేడం పది పండ్లు తూకం వేసి, కోసి, పీచు చూసి, రసం చుక్క చేతి గొట్టం గాజు మీద వేసి తీపి కొలిచింది. ఆమె కాగితంలో రుచి గడి, పేరు గడి మిగిలాయి.

"పెంచింది మీరు కదమ్మా, రుచి మీరే చెప్పండి."

"కండ రుచి నాకు తెల్వదు మేడం. టెంక రుచి చెప్త."

ఆమె నవ్వలేదు. ఒక పండు నా చేతిలో పెట్టింది.

"ముందు అన్న పటానికి పెట్టాలె" అని బీరన్న గొణిగాడు.

కొరికాను. నోరు నిండింది. నా నాలుకకు ఆ రుచి కొత్తగా లేదు. ఐదు రోజులుగా ఎరిగిన రుచి.

పండు వైపు చూశాను. కాటు నడుమ అదే ఖాళీ. నా నాలుక దానంతటదే పోయి, కూరలో ఉప్పెక్కువైందని ఆయన విసిరిన చెంబుకు ఊడిన నా పన్ను చోటును తడిమింది.

బీరన్న పండును చూశాడు, నన్ను చూశాడు, ఒక అడుగు వెనక్కి వేశాడు.

"రకం పేరు?" అడిగింది మేడం.

కలం తీసుకుని నా పేరే, 'కొండమ్మ' అని రాశాను. ఆఖరు అక్షరం కొంచెం వంకరపోయింది. తర్వాత వాళ్ల ముందే పండంతా తిని, టెంక బీరన్న చేతిలో పెట్టాను.