తొంభై సెంటీమీటర్లు

సంతకం పెట్టవలసిన చోట పెన్ను ఆనించిన తనిఖీ ఇంజినీరు చెయ్యి అక్కడే ఆగిపోయింది. సూర్యుడిలో మాదిరిగా పరమాణు కేంద్రకాలను కలిపి కరెంటు తీసే యంత్రపు నక్షా అది. లారీ మీద పట్టేంత చిన్నది. పక్కనే లారీ బొమ్మ కూడా గీసి ఉంది. గీసినవాడు బావమరిది. ఆఫీసులో ‘సార్’ అనమని ఎంత మొత్తుకున్నా వినని మనిషి.

“ఏంటి బావా, కాగితంలో దెయ్యం కనబడిందా?”

“దెయ్యమైతే లేదని కొట్టిపారేసేవాణ్ణి. ఈ కవచం గోడ మందం ఎంతరా?”

“నలభై ఐదు సెంటీమీటర్లు. పెద్ద యంత్రంలో తొంభై. అన్నీ సగం చేశాం కదా, అదీ సగమైంది.”

తనిఖీ ఇంజినీరు పెన్ను పక్కన పెట్టాడు. కంప్యూటరులో ఒక్క మీట నొక్కితే గీతలన్నీ బుద్ధిగా సగమవుతాయి. కేంద్రకాలు కలిసినప్పుడు దూసుకొచ్చే న్యూట్రాను మాత్రం సగం కాదు. దాన్ని ఆపడానికి ఎంత మందం కావాలో అంతా కావలసిందే. గోడ సగమైతే వెనకనున్న అయస్కాంతపు చుట్టలు ముప్పై ఏళ్లకు బదులు నెల రోజులు కూడా పనిచెయ్యవు. నిరుడు ఈ యంత్రపు నమూనా బొమ్మను అరచేతిలో పెట్టుకుని “ముద్దొస్తోందిరా” అన్నది తానే. అప్పుడు గోడ సంగతి అడగలేదు.

“టంగ్‌స్టన్ లాంటి బరువైన లోహం పెడితేనో?”

“టంగ్‌స్టన్ వేసుకునే లెక్క కట్టాను.”

“మధ్యాహ్నం కమిటీ ఉంది బావా. సంతకం లేకపోతే పన్నెండేళ్ల పని మూతబడుతుంది. అక్కకి మొహం ఎలా చూపిస్తావు?”

“మీ అక్క చేత చీవాట్లు తింటాలే. మరి ఆ చుట్టలు మార్చడానికి నెలనెలా ఆ రేడియేషన్‌లోకి దిగేవాళ్ల ఇళ్లలో ఏం చెప్పమంటావ్?”

బావమరిది పెన్సిలు తీసుకుని గోడను తొంభైకి పెంచాడు. చుట్టలు బయటికి జరిగాయి. వాటిని మోసే ఉక్కు చట్రం ఇంకా జరిగింది. చివరి గీత లారీని దాటి, కాగితం అంచును తాకింది. మళ్లీ కొలిచాడు. తేడా రాలేదు.

రబ్బరుతో లారీ బొమ్మను నెమ్మదిగా చెరిపి, చేతులు దులుపుకున్నాడు.

“తిరస్కరించామని రాయండి, సార్.”

తనిఖీ ఇంజినీరు రాశాడు. లెక్క తప్పలేదు. అక్షరాలే వంకర పోయాయి.