ఎవరూ నొక్కని అంకె

వారం రోజులుగా నాతో పోట్లాడుతున్న కంపైలరు ఆ ఉదయం కిక్కురుమనకుండా ఒప్పేసుకుంది. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మా కంపైలరు ఆ మొండివాడికి మేనమామ. నేను రాసినదాన్ని మిషనుకి అర్థమయ్యేలా మార్చిపెట్టాల్సింది అదే, రాసినదాంట్లో తప్పు కనిపిస్తే బతిమాలినా బెదిరించినా ప్రోగ్రాముని తయారు కానివ్వదు. అలాంటిది ఉన్నట్టుండి మెత్తబడిందంటే దాని నోరు ఎవరో మూశారన్నమాట.

మేం తయారుచేసేది ఆసుపత్రుల్లో మంచం పక్కన నిలబెట్టే మందు పంపు. గంటకి ఎంత మందు ఎక్కాలో నర్సు అంకె నొక్కుతుంది, పంపు అంతే ఎక్కిస్తుంది. కంపెనీ అనగానే అద్దాల మేడ ఊహించుకోకండి. వరసగా మూడు గదులు, మా అత్తగారి పేరు మీద లైసెన్సు. ముందు గదిలో అమ్మకాలు చూసే మా బావగారు, మధ్య గదిలో మోటార్లూ గొట్టాలూ ముందేసుకుని మా ఆయన, చివరి గదిలో ప్రోగ్రాములు రాసే నేను. ఇంట్లో చిన్నకోడలు అందరి మాటా వినాలి. ఇక్కడ చిన్నకోడలి మాట పంపు వింటుంది, అదొక్కటే నాకు ఊరట.

ప్రోగ్రామంతా రస్ట్ భాషలో రాస్తాను. "తుప్పు అని పేరు పెట్టుకున్నదాంతో మందుల మిషను చేస్తారా?" అని మొదట్లో అత్తగారు మొహం చిట్లించారు. పేరుదేముంది, గుణం చూడాలి. ఒక వస్తువుని ఎంతమందైనా చూడొచ్చు, లేదా ఒక్కరే మార్చొచ్చు. ఒకరు చూస్తుండగా ఇంకొకరు మారుస్తానంటే మాత్రం ఆ భాష ఒప్పుకోదు. పాత భాషల్లో ఆ జాగ్రత్త రాసేవాళ్ళ తలలో ఉండాలి, తలలో ఉన్న జాగ్రత్త కాస్త జలుబు చేస్తే ఎగిరిపోతుంది. ఇక్కడైతే కంపైలరే గుమ్మంలో నిలబెట్టి అడుగుతుంది.

అయితే దొడ్డిదారి ఒకటుంది. "నీకు అర్థం కాకపోయినా ఇక్కడ ప్రమాదం లేదు, నాదీ పూచీ" అని రాసిస్తే కంపైలరు పక్కకి తప్పుకుంటుంది. దాన్నే అన్‌సేఫ్ అంటారు. మోటారుని నేరుగా తాకేచోట అది లేకపోతే గడవదు, నేనూ వాడతాను. అందుకే పని మొదలుపెట్టిన రోజునే అందరం కూర్చుని ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. పూచీ పడ్డవాళ్ళు ప్రమాదం ఎందుకు లేదో ఆ పైవరసలో రాయాలి. రాయకపోతే క్లిప్పీ అనే తనిఖీ పనిముట్టు పనిని అక్కడే ఆపేస్తుంది.

వెతికితే దొరికింది. మోతాదు అంకె దాచే చోట ఒక వరస చేరింది. ఈ అంకెని ఎందరు ఒకేసారి ముట్టుకున్నా ప్రమాదం లేదు, నాదీ పూచీ అని దాని అర్థం. పైన కారణం ఉండాల్సిన చోట ఒకే ఒక్క మాట ఉంది: "పర్వాలేదు."

రాసింది బావగారు తెచ్చిన కాంట్రాక్టు మనిషి. పని అయిపోయిందని ముందురోజే చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

నేను ముందు గదిలోకి వెళ్ళి, "బావగారూ, మీ మనిషి పెట్టిన వరస తీసేస్తున్నాను," అన్నాను.

బావగారు ఫోను కింద పెట్టారు. గురువారం పెద్దాసుపత్రి వాళ్ళు వస్తున్నారు. వాళ్ళడిగింది ఒక్కటే, పంపు నడుస్తుండగానే, ఆపకుండా మోతాదు మార్చగలగాలి. గురువారానికి కుదరదని నేనంటున్నానని ఆయన ఆ మనిషిని తెచ్చుకున్నారు.

"నా కళ్ళముందు ఎన్నోసార్లు మార్చి చూపించాడమ్మా. ఒక్కసారీ తప్పలేదు."

"ఇంకోసారి తప్పదని ఎవరు చెప్పారు?"

"నువ్వెప్పుడూ ఇంతే. వడ్డించిన అన్నంలో రాళ్ళు వెతుకుతావు."

"పంటికింద పడకముందే వెతకాలి బావగారూ."

ఆయన బల్ల మీద ఉన్న కాగితం తిప్పి నూట తొంభైతొమ్మిది వేశాను. "మన పంపులో చిప్పు చిన్నది. మోతాదు అంకెని ఒక్క దెబ్బకి రాయలేదు, రెండు ముక్కలుగా రాస్తుంది. ఇది ఉదాహరణకే చెప్తున్నాను. నర్సు దీన్ని రెండొందలు చేసిందనుకోండి. ముందు ముక్క రాసేసరికి ఒకటి పోయి రెండు వచ్చింది. వెనక తొంభైతొమ్మిది ఇంకా అలాగే ఉంది. సరిగ్గా అప్పుడే మోటారు చదివితే ఎంత కనిపిస్తుంది?"

"రెండొందల తొంభైతొమ్మిది," అన్నారు చిరాగ్గా.

"తెర మీద రెండొందలే ఉంటుంది. మోటారు మాత్రం తను చదివినదాన్నే పట్టుకుని నడుస్తుంది, మళ్ళీ ఎవరైనా మార్చేదాకా. ఆ అంకె డాక్టరు రాయలేదు, నర్సు నొక్కలేదు. రోగి ఒంట్లోకి మాత్రం వెళ్తుంది."

"అలా జరిగే క్షణం ఎంతసేపుంటుంది?"

"కంటికి ఆననంత."

"కంటికి ఆననిదాని కోసం, కళ్ళెదురుగా ఉన్న బేరం వదులుకోమంటావు."

ఆయన మళ్ళీ ఫోను తీసుకున్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. ఈ మూడు గదులూ మూతపడకుండా నిలబెట్టింది ఆయన తిరుగుళ్ళే. ఆ సంగతి తెలిసీ నాకు ఆ ఫోను లాక్కుని కిటికీలోంచి విసిరెయ్యాలనిపించింది.

నోటిమాటకి విలువ లేదని తేలాక రుజువు పట్టుకుందామని కూర్చున్నాను. మోటారులా నటించే చిన్న ముక్క ఒకటి, నర్సులా నటించేది ఇంకొకటి రాసి, రెంటినీ ఆ "పర్వాలేదు" మీదకి వదిలాను. తర్వాత మిరిని పిలిచాను. మిరి అంటే ప్రోగ్రాముని నత్తనడకన నడిపిస్తూ, ఎవరు ఎక్కడ రాస్తున్నారో ఎవరు ఎక్కడ చదువుతున్నారో అడుగడుగునా కాపు కాసే పనిముట్టు. దాని దగ్గర మొహమాటం ఉండదు. తెచ్చుకున్న టీ చల్లారకముందే పట్టించింది. ఫలానా వరసలో ఒకరు రాస్తున్నారు, ఫలానా వరసలో ఇంకొకరు అదే చోటు చదువుతున్నారు, ఇద్దరి మధ్యా ఏ అడ్డూ లేదు.

మా ఆయన నా భుజం మీదుగా తెర చూశాడు. "నువ్వు చెప్పిందే," అన్నాడు మెల్లగా.

"మీ అన్నయ్యకి చెప్పు."

"నేను చెప్తే వినడు. నువ్వు చెప్తే వినలేడు. ఇంక మిగిలింది అమ్మే."

సరైన దారి నాకు తెలుసు. అంకెని ఇద్దరి చేతుల్లో పెట్టడమే తప్పు. అది మోటారు సొంతం కావాలి. నర్సు నొక్కినప్పుడు "ఇంతకి మార్చు" అని కబురు మాత్రం వెళ్ళాలి, మోటారు చేతిలో పని ముగించి, కబురు అందుకుని, తనే మార్చుకోవాలి. అందుకు ఛానెల్ అనే ఏర్పాటు ఆ భాషలోనే ఉంది. రాయడం పెద్ద పని కాదు. కానీ మోటారు వైపు ఒక్క వరస మారినా గొట్టాల్లో నీళ్ళు నింపి పరీక్షలన్నీ మొదటినుంచి చెయ్యాలి. గురువారానికి తెమిలే పని కాదు. గురువారానికి సిద్ధంగా ఉన్నది పాత పద్ధతే: పంపు ఆగుతుంది, కూత పెడుతుంది, మోతాదు మార్చుకుని మళ్ళీ నడుస్తుంది.

అందుకని నేను ఒక్క పని చేశాను. "పర్వాలేదు" అన్న మాట చెరిపేశాను. క్లిప్పీ వెంటనే ఎర్రగా నిలబడింది. కారణం లేదు, పని జరగదు.

కాసేపటికి బావగారు నా గదిలోకి వచ్చారు. "ప్రోగ్రాం ఆగిపోయిందట?"

"పూచీకి కారణం రాసి లేదండి."

"ఒక్క ముక్క రాయడానికి ఇంత రాద్ధాంతమా? రాసెయ్."

"నాకు తెలీదు. తెలిసినవాళ్ళు రాయాలి."

"ఏకు మేకై కూర్చున్నావు నువ్వు," అన్నారు ఆయన. గొంతు పెంచలేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. "నువ్వు రాయకపోతే రాసేవాళ్ళు దొరక్కపోరు. రేపట్నుంచి ఇంటిపట్టునే ఉండు."

నాకు భయం వేసింది. దాచుకోవడమెందుకు. బయట ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాం. ఇక్కడ పోతే, తీసేసిన మనిషి ఎదురుగానే రోజూ కూర్చుని భోంచెయ్యాలి. అయినా లేచి నిలబడ్డాను, కుర్చీ ఆయన వైపు తిప్పాను.

"అలాగే ఉంటాను బావగారూ. ప్రమాదం లేదన్నది మీరు కదా, కారణం మీరే రాయండి. చూసి వెళ్తాను."

గొడవ విని మా ఆయన వచ్చాడు. అతని వెనక అత్తగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఏ పంపు బయటికి వెళ్ళాలన్నా ఆవిడ సంతకం పడాల్సిందే. తల్లి చూస్తుండగా వెనక్కి తగ్గడం బావగారికి చేతకాదు. కూర్చున్నారు.

"ప్రమాదం లేదు, ఎందుకంటే" అని గబగబా కొట్టారు. అక్కడ వేళ్ళు ఆగాయి. ఏదో రాసి చెరిపారు, మళ్ళీ రాసి మళ్ళీ చెరిపారు. చెవులు ఎర్రబడ్డాయి. ఆఖరికి కీబోర్డు విరిగిపోతుందేమోనన్నంత గట్టిగా కొట్టారు: "గురువారం వాళ్ళొస్తున్నారు."

ఉక్రోషంతో రాసిందే అది. కానీ క్లిప్పీ ఒప్పుకుంది. తెర మీద ఎరుపంతా పోయి పచ్చబడింది.

పనిముట్టు కారణం ఉందా లేదా అని చూస్తుంది గానీ అది కారణమేనా కాదా అని చూడదు. ఆ సంగతి నాకు తెలిసిందే. అయినా కోపంలో దాన్నే నమ్ముకుని సవాలు విసిరాను.

బావగారు కుర్చీలో వెనక్కి వాలారు. "నీ మిషనే ఒప్పుకుంది. ఇంకేం?"

"అది చదవదు బావగారూ. చదవాల్సింది మనుషులు."

"అయితే చదువు," అన్నారు అత్తగారు గుమ్మంలోంచి. "సంతకం పెట్టేదాన్ని నేను కదా. ఏం రాశావో పైకి చదువు."

"అదేం లేదమ్మా, ఊరికే..."

"చదవరా."

"ప్రమాదం లేదు, ఎందుకంటే," అని బావగారు ఆగిపోయారు. "అమ్మా, ఆలస్యం అమృతం విషం అంటారు. ఈ బేరం పోతే..."

"సామెతలు తర్వాత. రాసింది చదువు."

ఆయన చదవలేదు. తను రాసిన వాక్యాన్ని ఒక్కో అక్షరమే చెరిపారు. ఆ కింద కాంట్రాక్టు మనిషి వరసని కూడా చెరిపి లేచారు. "గురువారం వాళ్ళకి నువ్వే చెప్పుకో. బేరం పోతే నన్నెవరూ అనకండి," అని వెళ్ళిపోయారు.

అత్తగారు నన్నేం మెచ్చుకోలేదు. "నీకు నోరెక్కువ," అన్నారు. "వాడితో అదే మాట పద్ధతిగా చెప్పలేవా?"

"పొద్దున పద్ధతిగానే చెప్పాను అత్తయ్యా. పని చెయ్యలేదు."

ఆవిడ నవ్వు ఆపుకుంటూ, "పాత పద్ధతే పెట్టు," అని మధ్య గదిలోకి నడిచారు.

గురువారం ఇద్దరు వచ్చారు. కొనుగోళ్ళు చూసే అధికారి ఒకాయన, జుట్టు నెరిసిన హెడ్ నర్సు ఒకామె. మధ్య గదిలో బల్ల మీద పంపు పెట్టాం. నర్సు అంకె మార్చింది. పంపు ఆగింది, కూత పెట్టింది, మళ్ళీ నడిచింది.

"ఆగకూడదని చెప్పాం కదా," అన్నాడు అధికారి.

బావగారు నా వైపు చూశారు. నేను దాచలేదు. ఆగకుండా మార్చడం ఇంకా పరీక్షల్లో ఉందని, అవి పూర్తికాకుండా ఇవ్వనని చెప్పాను. నూట తొంభైతొమ్మిదీ రెండొందలూ, వాటి మధ్య పుట్టే రెండొందల తొంభైతొమ్మిదీ కాగితం మీద వేసి చూపించాను.

అధికారి వాచీ చూసుకున్నాడు. "మా దగ్గరున్న మిషన్లు ఆగకుండానే మారతాయమ్మా. వాటికి లేని భయం మీకెందుకు?"

"మారతాయి సరే. ఎవరూ నొక్కని అంకె వాటిలో ఎప్పుడూ రాలేదా?" అన్నాను.

ఆయన నవ్వాడు. హెడ్ నర్సు నవ్వలేదు. కాగితం మీది రెండొందల తొంభైతొమ్మిది మీద ఆమె చూపు నిలిచిపోయింది. తర్వాత అధికారి వైపు తిరిగి, "మీరు వెళ్ళి టీ తాగి రండి సార్," అంది. ఆయన విస్తుపోయి చూసినా, ఆమె కదిలేలా కనిపించకపోయేసరికి బయటికి వెళ్ళాడు.

ఆమె తలుపు దగ్గరగా వేసింది.

"ఒకసారి వచ్చింది," అంది. "మందు సంచీ కొన్ని గంటల ముందే ఖాళీ అయిపోయింది. మిషను రికార్డు తీస్తే నేను నొక్కని అంకె ఉంది. నేను కాదని అందరికీ చెప్పాను. మిషను అబద్ధం చెప్తుందా అన్నారు. ఇన్నేళ్ళలో నాకే అనుమానం వచ్చింది, నేనే నొక్కి మర్చిపోయానేమోనని."

ఆ రోగి ఏమయ్యాడని నేను అడగలేకపోయాను. బావగారు అడగకుండానే కుర్చీ తెచ్చి ఆమె పక్కన వేశారు. ఆమె కూర్చుంది.

నేను ల్యాప్‌టాప్ తెరిచి ఆమె వైపు తిప్పాను.

"మీ మిషన్లో ఏం జరిగిందో నాకు తెలీదండి, తెలుసని చెప్పను. నొక్కని అంకె ఎలా పుడుతుందో మాత్రం చూపిస్తాను. చూసి, వెళ్ళి ఆ మిషను చేసినవాళ్ళని అడగండి."