తీగలు తగిలించకముందే

లక్ష్మీప్రసన్నకు మొదట తన మీదే అనుమానమొచ్చింది.

అనంతపురంలో రైతులకు బోరు పాయింట్లు చూపించే రవికుమార్ ఆఫీసులో ఆమె కొత్తగా చేరింది. చేన్లో ఇనప కడ్డీలు దిగ్గొట్టి, తీగలతో మిషనుకు కలిపి, భూమిలోకి కరెంటు పంపి, నీళ్లెక్కడున్నాయో కంప్యూటర్లో చూపించడం వాళ్ల వ్యాపారం. లెక్క కట్టే భాగం ఎవరో ఎప్పుడో సి భాషలో రాసిచ్చిన డి.ఎల్.ఎల్. ఫైలు. లోపల ఏముందో చూడ్డానికి లేదు. దాన్ని సి షార్ప్ అనే ఇంకో కంప్యూటర్ భాష నుంచి పిలిచి, జవాబు తెలుగులో కనిపించేలా కొత్త స్క్రీను చేయమన్నాడు రవికుమార్.

పిలవడమే పెద్ద తలనొప్పయింది. ఆ ఫైలుకు ఏ రకం అంకెలివ్వాలో, ఏ రకం తిరిగొస్తాయో చెప్పేవాళ్లు లేరు. ఒకసారి ప్రోగ్రామే కూలిపోయేది. ఇంకోసారి నీళ్లు కోట్ల అడుగుల లోతులో ఉన్నాయనేది. పూర్ణాంకమనుకున్నది దశాంశమని తేలాక దారికొచ్చింది. నీళ్లున్నాయి, రెండువందల ఎనభై అడుగులు.

సంతోషంగా మిషను వైపు చూసింది. తీగలు గోడ కొక్కేనికి వేలాడుతున్నాయి. మిషను ఆపేసి ఉంది.

తన తప్పే అనుకుని అన్నీ సున్నాలు పంపింది. నీళ్లున్నాయి. నోటికొచ్చిన అంకెలు పంపింది. నీళ్లున్నాయి. అవే అంకెలు మళ్లీ పంపితే వేరే లోతు చెప్పింది. పంపినవాటిని ఆ ఫైలు అసలు ముట్టుకోవడమే లేదు.

రవికుమార్ టేబుల్ దగ్గర బొరుగుల ఉగ్గాని తింటున్నాడు.

“సార్, ఇది లెక్కేమీ కట్టడం లేదు. ఊరికే ఏదో ఒక లోతు చెప్తాంది.”

“తెలుసులేమ్మా,” అన్నాడతను బజ్జీ తుంచుతూ. “నీళ్లు లేవంటే బోరు ఎవురు వేయించుకుంటారు? రిగ్గు లారీ మనదే గదా. నువ్వు స్క్రీను సంగతి చూడు.”

బయట బల్ల మీద కుందుర్పి నుంచొచ్చిన నరసింహప్ప కూర్చోనున్నాడు. ముందురోజే అతని చేన్లో కడ్డీలు దిగ్గొట్టారు. ఆమె అతన్ని లోపలికి పిలిచింది.

“ఈ బటన్ నువ్వే నొక్కన్నా.”

నొక్కాడు. “నీళ్లుండాయంటాందే! మా చేన్లోనేనా?”

“యాడా కాదన్నా. ఆ తీగలు చూడు, గోడకుండాయి.”

అతను తీగలు చూసి, మళ్లీ నొక్కాడు. ఇంకో లోతు. మెల్లగా రవికుమార్ వైపు తిరిగాడు.

“నిరుడు మా తమ్మునికి చూపిచ్చింది గూడా ఇదేనా సామీ? బోర్లన్నీ ఎండిపోయి, వాడిప్పుడు బెంగుళూర్లో ఇటుకలు మోస్తాండాడు.”

“భూమి లోపలి సంగతి ఎవురికి తెలుసప్పా,” అన్నాడు రవికుమార్, నములుతూనే.

నరసింహప్ప కాండ్రించి ఆ ఉగ్గాని ప్లేటులోనే ఉమ్మేసి వెళ్లిపోయాడు. లక్ష్మీప్రసన్న తను రాసిందంతా చెరిపేసి చెప్పులేసుకుంది.

“చెరిపితే ఏమైతాది? ఇంకొకర్ని పెట్టుకుంటా,” అన్నాడు రవికుమార్ వెనకనుంచి.

అన్నట్టే పెట్టుకున్నాడు. నరసింహప్ప బాటకడ్డం నిలబడి తన చేనికొచ్చిన రిగ్గును తిప్పి పంపించాడు గానీ, అది వజ్రకరూరు పక్క ఊళ్లో తేలింది. సంగతి తెలిసి లక్ష్మీప్రసన్న బస్సెక్కి ఆ చేనికే పోయింది. చేను ఓబులమ్మది. మిషను మోసమని ఎంత చెప్పినా ఓబులమ్మ వినలేదు.

“కంప్యూటరే చెప్పినాక నీ మాట యాల వినల్లమ్మా? నీ కంపెనీ వేరేదా?”

రిగ్గు మొదలైంది. రాతిపొడి తెల్లగా లేచి వేరుశనగ మొక్కల మీద పడింది. రవికుమార్ దూరం నుంచి లక్ష్మీప్రసన్నకు చెయ్యెత్తి నవ్వాడు. ఆమె చున్నీ నోటికడ్డం పెట్టుకుని గట్టు మీదే నిలబడిపోయింది.