బొట్టు పెట్టిన బండి

సత్తియ్య బ్రేకు పట్టాడు. స్టాండు మీద గిర్రున తిరుగుతున్న కరెంటు స్కూటరు వెనక చక్రం టక్కున ఆగింది. వదిలి యాక్సిలేటరు తిప్పాడు, మళ్ళీ తిరిగింది. మళ్ళీ పట్టాడు. బ్రేకు పట్టగానే మోటారుకి కరెంటు తెగిపోవాలి. పిడి కింద వేలిగోరంత స్విచ్ ఒకటి ఆ పని చూసుకుంటుంది. బండి వచ్చింది బ్యాటరీ కోసం. బ్రేకు సంగతి ఎవరూ అడగలేదు. అయినా తొమ్మిది కొట్టేలోపు ఆ పరీక్ష ఆరుసార్లు చేశాడు.

"ఏంటయ్యా, వైద్యం చేస్తన్నావా, వ్రతం చేస్తన్నావా?" అన్నారు బండి తాలూకు హనుమంతరాజు గారు.

"రాత్రి ఛార్జింగు పెట్టారా అండి?"

"నేను పెట్టాను. కరెంటోడు పీకాడు."

"అందుకేనండి, కోడి ఒక్కసారే కూస్తంది."

కరెంటు బళ్ళకి జబ్బు చేస్తే ముందున్న ఎర్రదీపం లెక్కగా మెరుస్తుంది. కంపెనీ పుస్తకంలో దాని పేరు ఎర్రర్ కోడు. సామర్లకోట వచ్చేసరికి ఎర్ర కోడి అయిపోయింది. ఒకసారి కూస్తే బ్యాటరీ, రెండుసార్లయితే యాక్సిలేటరు, మూడయితే బ్రేకు, నాలుగయితే మోటారు. సత్తియ్య ఈ నాలుగు ముక్కలూ కొట్లో గోడ మీద సుద్దతో రాసుకున్నాడు. రెండేళ్ళ కిందట, 2007లో, ఈ బళ్ళు అమ్మిన షోరూము వాళ్ళు ఏడాది తిరక్కుండా బోర్డు పీకేశారు. బళ్ళు మిగిలాయి, సత్తియ్య మిగిలాడు. అంతకుముందు పాతికేళ్ళు పొలాల మోటార్లకి రాగితీగ చుట్టాడు. ఆ తీగ కోసిన గీతలు రెండు బొటనవేళ్ళ మీదా నల్లగా ఉన్నాయి. వైరుతో తప్ప ఎవరితోనూ వైరం లేని మనిషి. పని కంటే ముందు హాస్యం చేతికొస్తుందని పేరు. రిపేరు కంటే ఆ పేరే పెద్దది.

రాజుగారు వెళ్ళాక సత్తియ్య జేబు తడుముకున్నాడు. ప్లాస్టిక్ కవరులో కొత్త బ్రేకు స్విచ్, సోమవారం రాజమండ్రి బస్సులో వచ్చింది, అలాగే ఉంది. ఇవాళ గురువారం.

కిందటి శుక్రవారం చంద్రరావు గారు బండి తోసుకుంటూ వచ్చారు. చక్కెర ఫ్యాక్టరీలో కాటా గుమాస్తాగా చెరుకు బళ్ళు తూచి రిటైరైన మనిషి. వానకి స్విచ్ బిగుసుకుపోయింది. బ్రేకు పట్టకపోయినా పట్టినట్టే అనుకుని మోటారు కదలనంటోంది.

"కొత్తది రావాలండి. నాలుగు రోజులు పడద్ది."

"మా ఆవిడ రత్నమాణిక్యం మాత్రలైపోయాయయ్యా. పెద్దాపురం వెళ్ళాలి. ఏదో ఒకటి చెయ్యి."

సత్తియ్య స్విచ్ తీగ పీకేసి కొసకి నల్లటేపు చుట్టాడు. బండి బయల్దేరింది. ఎర్రదీపం మాత్రం మూడేసి సార్లు మెరుస్తూనే ఉంది.

"ఇదేంటయ్యా, ఈ వయసులో నాకు కన్ను కొడతంది?"

సత్తియ్య భార్య సూరమ్మ మొహం కడుక్కుంటూ కొట్లో అద్దానికి అంటించి మరిచిపోయిన బొట్టుబిళ్ళ ఒకటుంది. సత్తియ్య దాన్ని గీకి తీసి దీపం మీద అంటించాడు. "ముత్తైదువైపోయిందండి. ఇంక కన్ను కొట్టదు."

చంద్రరావు గారు కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వి బండెక్కారు. ఇక యాక్సిలేటరు పూర్తిగా వదిలాకే బ్రేకు పట్టాలి, లేకపోతే బండి ముందుకే తోస్తుంది. ఆ ఒక్క ముక్కా సత్తియ్య నాలిక మీదే ఉంది. నవ్వులో అది బయటికి రాలేదు.

స్విచ్ వచ్చినరోజు పంపుసెట్టు పని పడింది. మర్నాడు వాన. నిన్న కాలవగట్టు దాకా వెళ్ళాడు. టీకొట్టు దగ్గర చంద్రరావు గారు నలుగురికి బండి బొట్టు చూపించి నవ్విస్తున్నారు. అంతమంది ముందు 'బాగు చెయ్యలేదండి, తీగ పీకేశాను' అని ఎలా చెప్పడం? వెనక్కి వచ్చేశాడు.

ఇవాళ వెళ్దామనుకున్నాడు. పదింటికి ఒక ఛార్జరు వచ్చింది. భోజనం అయ్యాక అనుకున్నాడు. అన్నం నాలుగు ముద్దలకి మించి దిగలేదు. నాలుగింటికి చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే రాముడి తొట్టిరిక్షా కొట్టు ముందు ఆగింది. అందులో తాళ్ళతో కట్టిన చంద్రరావు గారి బండి ఉంది. అద్దం విరిగింది. బొట్టు చెదరలేదు.

"ఎక్కడ ఆగిపోయిందిరా?"

"ఆగలేదు బాబాయ్." రాముడు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "పొద్దున్న తొమ్మిదింటికి కాలవ వంతెన దిగుతుంటే గేదె అడ్డమొచ్చిందంట. బ్రేకు పట్టినా తోసుకుపోతానే ఉందంట. రాయికి తల కొట్టుకుంది. కాకినాడ తీసుకెళ్తుంటే దారిలోనే పోయారు."

సత్తియ్య తాళ్ళు విప్పాడు. ఇద్దరూ బండి దించారు.

"అమ్మగారు నీ కాడే దింపమన్నారు. పదకొండో రోజయ్యాక అల్లుడుగారు అశోక్ బాబు బండి చూడ్డానికి వత్తారంట. బ్రేకుకేమైందో సత్తియ్యకి తప్ప ఎవరికీ తెలీదన్నారు."

సత్తియ్య ముందు రేకు విప్పాడు. పీకిన తీగ వేలాడుతోంది. కొసకి తను చుట్టిన టేపు ముడత లేకుండా ఉంది. తాళం తిప్పాడు. బొట్టు అంచుల వెంట వెలుగు మూడుసార్లు వచ్చింది. కొత్త స్విచ్ బిగించి తీగ తగిలిస్తే పది నిమిషాల పని. కోడి గొంతు నొక్కినట్టే. ఆ తర్వాత ఏ అల్లుడొచ్చి చూసినా ఏమీ ఉండదు.

జేబులోంచి స్విచ్ తీశాడు. కవరు చింపలేదు. సీటు మీద పెట్టాడు.

"పదరా. అమ్మగారి దగ్గరికి."

"ఇప్పుడేం మాట్లాడతావు బాబాయ్? ఆయన్నింకా ఇంటికే తేలేదు."

సత్తియ్యకి ఏ హాస్యమూ చేతికి రాలేదు. "పదకొండు రోజులు ఆగితే ఈ చేతులు ఊరుకోవురా. బిగించేస్తాయి" అన్నాడు.

రేకు విప్పిందే, మళ్ళీ మూయలేదు. కొట్టు తలుపులూ వెయ్యలేదు. రిక్షా సందు మలుపు తిరిగింది. కొట్లో, తాళంచెవి తిప్పి వదిలేసిన బండి మీద, సూరమ్మ బొట్టుబిళ్ళ అంచుల వెంట వెలుగు మూడుసార్లు మెరిసి, ఆగి, మళ్ళీ మూడుసార్లు మెరుస్తోంది.