గోడ మీద చూడని బొంత

ఇలా దగ్గరగా జరగండి. ఆ టీవీ నోరు కాస్త మూయించండి. కన్నమ్మ బొంత సంగతి చెబుతాను. నేను చెప్పకపోతే రేపు ఇంకెవరో వంకరగా చెబుతారు.

ఖుర్సీపార్‌లో మా వీధి మొదట్లోనే కన్నమ్మ ఇల్లు. ఆవిడకి చేతిలో సూది లేకపోతే తోచదు. మా ఊరి ఉక్కు ప్లాంటులో పనిచేసి కాలం చేసిన మొగుడి నీలం చొక్కాలు, తన పాత చీరలు, కొడుకు రాజేంద్ర చిన్ననాటి బడి చొక్కాలు, అన్నీ కలిపి ఒక బొంత కుట్టింది. ఏదో నాలుగు అతుకులు వేసి వదిలేసిన బొంత కాదది. మధ్యలో నీలం, చుట్టూ చీర అంచులు, వాటి మీద చీమలబారులాంటి సన్నని కుట్టు. ఇంట్లోకి మెత్తటి రగ్గులు వచ్చాక రాజేంద్ర, ఈ గుడ్డల మూట ఇంకా ఎందుకమ్మా, ఎవరికైనా ఇచ్చెయ్యరాదా అన్నాడు. ఆ మాట ఆవిడ మనసులో ముల్లులా ఉండిపోయింది.

మొన్న చలికాలం స్మృతి నగర్ నుంచి రజనీకుమారి అని ఒక డ్రాయింగు టీచరు మా వీధికి వచ్చింది. ఎండలో ఆరేసిన బొంతని చూసి అడుగు ముందుకు వెయ్యలేకపోయింది. ప్లాంటు క్వార్టర్లుండే సెక్టార్ల వైపు ఒక హాల్లో బొమ్మల ప్రదర్శన పెడుతున్నామని, దీన్ని గోడకి వేలాడదీసి మళ్లీ భద్రంగా తెచ్చిస్తామని బతిమాలి పట్టుకెళ్లింది.

ఆ రోజు నుంచి కన్నమ్మకి ఇంట్లో కాలు నిలవలేదు. ఆటో ఎక్కితే తనే వెళ్లి చూసి రావచ్చు. మేమందరం అదే చెప్పాం. వినలేదు. ఆవిడకి కావలసింది తను చూడడం కాదు. ఆ గోడ ముందు రాజేంద్ర నిలబడాలి. పదిమంది చూస్తుంటే వాడూ చూడాలి.

రాజేంద్రదీ ప్లాంటు ఉద్యోగమే, వీక్లీ ఆఫ్ సోమవారం. ప్లాంటు ఇళ్లలో ఇదే తంటా. ఊరందరి ఆదివారం వేరు, మన సెలవు వేరు. మన సెలవు ఏ రోజైతే ఆ రోజే తలంటు, ఆ రోజే కోడికూర. వాడు ఒక సోమవారం తల్లిని బండి ఎక్కించుకుని వెళ్తే హాలు గేటుకి తాళం. సోమవారం మూత అట. ముందు కనుక్కోవద్దా అంటే, సెలవురోజున మూసేస్తారని ఎవరనుకుంటారు అన్నాడు. తన సెలవు లోకానికంతా సెలవనుకున్నాడు మరి. పైగా వచ్చినవాళ్లం ఊరికే పోవడమెందుకని మాల్‌కి తీసుకెళ్లి, చలికి పళ్లు జివ్వుమనే తల్లికి ఐస్‌క్రీం పెట్టించాడు. నీ షికారు అయిపోయిందిగా అన్నాడు. కన్నమ్మ ఐస్‌క్రీం తిన్నది, కోపం కూడా దాంతోనే మింగింది.

తల్లి రోజూ పోరగా పోరగా, అప్పలసూరి అనే తోటి పనివాడితో డ్యూటీ మార్చుకుని ప్రదర్శన ఆఖరిరోజైన ఆదివారం అందరినీ బయల్దేరదీశాడు. స్నేహితుడి కారు అడిగి తెచ్చాడు. ముందు హాలుకి పోదామని కన్నమ్మ. ఎండెక్కితే పూలు వాడిపోతాయి, ముందు మైత్రీబాగ్‌లో పూల ప్రదర్శన అని కోడలు భాగ్యరేఖ. అక్కడి జూలో తెల్లపులి అని మనవరాలు హరిత. హాలు ఎలాగూ తిరిగొచ్చే దారిలోనే ఉంది కదా అని రాజేంద్ర తీర్పు చెప్పాడు. పులిహోర కలిపి, డబ్బాలు సర్ది, జడలు వేసుకునేసరికే పొద్దు నడినెత్తికొచ్చింది.

పులి వీళ్లకి వీపు తిప్పి పడుకుంది. హరిత కదలనంది.

"ఒక్కసారి ముఖం చూపిస్తే చాలు, వెళ్లిపోదాం, చల్తే హై నానమ్మా."

"దాని ముడ్డి సూసినాం గదే. ముఖం మట్టుకు ఏటి గొప్పుంటాది?" అంది కన్నమ్మ.

పులి తిరగలేదు. ఆ తర్వాత ప్రతి బంతిపూల కుండీ దగ్గరా భాగ్యరేఖకి ఫొటో. ఆ తర్వాత గడ్డి మీద పులిహోర. తిన్నాక రాజేంద్ర ఒక్క నిమిషమని నడుం వాల్చి గురక పెట్టాడు. కన్నమ్మ వాడి పక్కన కూర్చుని సూర్యుణ్ణి చూస్తూ ఉంది. లేపితే విసుక్కుంటాడు, లేపకపోతే పొద్దు పోతుంది. చివరికి లేపింది, వాడు విసుక్కున్నాడు.

హాలుకి చేరేసరికి నిచ్చెనలు గోడలకి ఆనించి ఉన్నాయి. కాపలా మనిషి, ప్రదర్శన ఖతమ్ అమ్మాజీ అన్నాడు. లోపల గోడలన్నీ బోడి. ఒక మూల ఎవరో చేసిన సున్నపు బొమ్మకి గీత పడకుండా కన్నమ్మ బొంత చుట్టి తాడుతో బిగించారు. రజనీకుమారి ఆ సరికే సామాను బండితో వెళ్లిపోయిందట. అడగడానికి ఎవరూ లేరు.

కన్నమ్మ అరవలేదు. ఒక్కొక్క ముడీ తనే విప్పింది. బొంత దులిపి బయటికి తెచ్చి, గేటు పక్క ఇనప కమ్మీల మీద అంచులు సమంగా చూసి వేలాడదీసింది.

"ఒరే రాజేంద్రా, ఇల్రా. ఇక్కడ నిలబడు."

"సీకటడిపోతంది అమ్మా. మడతెట్టు, ఇంటికెల్లి సూద్దాం."

"ఇంట్లో ఇన్నాళ్లూ ఉంది, సూసినావా? ఇక్కడ సూడు."

వీధి దీపం వెలిగింది. స్కూటరు మీద పోతున్న ఒకామె ఆగి, అమ్ముతారా అని హిందీలో అడిగింది. అమ్మడానికి కాదు, చూడ్డానికి అని కన్నమ్మ చెప్పింది. ఆమె దిగి, దగ్గరికొచ్చి కుట్టు తడిమి చూసింది. అప్పుడు రాజేంద్ర కూడా దగ్గరికి జరిగాడు. నీలం ముక్క పక్కన సిరా మరక పోని తెల్లగుడ్డ మీద వాడి వేలు ఆగింది. తన బడి చొక్కా జేబు.

"లోపల దీన్ని ఏ గోడకి పెట్టినారమ్మా?"

"నాకేటి తెలుసు? నువ్వు నన్ను తేలేదు గదా."

వాడు బొంతని కమ్మీల మీంచి దించి కారులో పెట్టాడు. దారి పొడుగునా కన్నమ్మ కారులో కూర్చుని బొంత మీది సున్నం గోళ్లతో గీకుతూనే ఉంది. మర్నాడు సోమవారం, మార్చుకున్న డ్యూటీకి పోయేముందు వాడు సుత్తీ మేకూ పట్టుకుని ముందుగదిలో నిలబడ్డాడు. మనింటి గోడ సూడ్డానికి ఎవడొస్తాడు, మేకులు దండగ అని ఆవిడ బొంత మడిచి పెట్టెలో పెట్టేసింది.

అదీ సంగతి. గుర్తుంచుకోండి, మీవాళ్లకీ చెప్పండి. పులి దగ్గర నవ్వితే నవ్వండి, తప్పులేదు. కానీ కొడుకు చివరికి చూశాడుగా అని కథని తియ్యగా ముగించకండి. గోడ మీద ఉన్నన్నాళ్లూ అందరూ చూశారు, వాళ్లిద్దరు తప్ప. అది మాత్రం వదిలిపెట్టకుండా చెప్పండి.