అల్లుడుగారి నాలుగు రౌండ్లు

మా పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరు అల్లుడు కరెంటు కారు కొన్నాడు. కొన్నవాడు కొన్నట్టు ఊరుకోవచ్చు కదా, ఊరుకోడు. మెట్ల మీద ఎదురైతే చాలు, క్లాసు పీకుతాడు. "ఇంజనే లేదక్కా దీనికి. గాలి పీల్చదు, పొగ వదలదు. ఇంక నీళ్లలో ఆగిపోవడానికి ఏముంది చెప్పండి?" అనేవాడు. మామగారు కుర్చీలోంచి కదలకుండానే, "మొదటి వానకే షాకు కొట్టి చస్తావు" అనేవారు. ఈ మామా అల్లుళ్ల పంతం మధ్యలో మా ఎంబ్రాయిడరీ మిషను ఇరుక్కుని ఉందని ఆ రోజు వరకు మాకు తెలియదు.

మిషను మా కింది గదిలో ఉంది. నేనూ మా వదినా పదిహేనేళ్లు ఊళ్లోవాళ్ల షాపులన్నిట్లో కూర్చుని కుట్టి, చివరికి మాదంటూ తెచ్చుకున్న మిషను అది. నలుగురు పట్టినా లేవదు. దాని మోటారూ బోర్డూ బల్ల కింద, నేలకి జానెడు ఎత్తులో ఉంటాయి. మూడు రోజుల వానకి వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు నిలిచాయి. గుమ్మానికి అడ్డంగా ఇసుక బస్తాలు పేర్చి, సందుల్లో పాత గుడ్డలు కుక్కాం. బస్తాల అంచుకి రెండు వేళ్ల కిందే నీళ్లు ఆగాయి. గదిలో నేల పొడిగానే ఉంది. పొద్దున్నకి వాన తెరిపిచ్చింది.

"గండం గడిచినట్టే" అంది వదిన.

సరిగ్గా అప్పుడు అల్లుడుగారు నల్లకళ్లద్దాలు పెట్టుకుని మెట్లు దిగారు. వాన రోజున నల్లకళ్లద్దాలు! కారు వీధి చివర మెరక మీద ఉంది. ఆయన భార్య బాల్కనీలో ఫోను పట్టుకుని సిద్ధంగా నిలబడింది. సంగతి మాకు అర్థమైపోయింది.

"మెల్లగా పోనివ్వవయ్యా, నీళ్లు కదిలితే మా గదిలోకి వచ్చేస్తాయి" అంది వదిన.

"మెల్లగా పోతే వీడియోలో ఏం కనిపిస్తుందక్కా?" అన్నాడు. ఈ చెవులతో విన్నాను.

మొదటి రౌండులో కారు దూసుకొచ్చింది. నిజం చెప్పాలి, ఎక్కడా ఆగలేదు. కానీ దాని వెనకే లేచిన అల వచ్చి బస్తాలని కొట్టి, రెండు బకెట్ల నీళ్లు లోపల పోసింది. అంతటితో ఆగాడా? మామగారు ఆ సమయానికి బాత్రూంలో ఉన్నారట, చూడలేదట. అందుకని రెండో రౌండు. ఈసారి భార్య ఫోను నిలువుగా పట్టుకుందట. అందుకని మూడోది. అది బాగానే వచ్చిందట, కానీ నీళ్లు ఇంకాస్త ఎత్తుకి లేవాలట.

వదిన గుమ్మం దగ్గర చతికిలబడి, జారుతున్న బస్తాలకి వీపు ఆనించింది. నేను వీధిలోకి దిగి, రెండు చేతులూ ఎత్తి ఊపుతూ గొంతు చించుకున్నాను. "ఆపు నాయనా, నీ కాళ్లు పట్టుకుంటాను, ఆపు!" అద్దాలెక్కించుకుని కూర్చున్నవాడికి ఏం వినిపిస్తుంది? నావైపు చూసి బొటనవేలెత్తి చూపించాడు. నాలుగో అలకి బస్తాలన్నీ వదిన మీదుగా ఒరిగిపోయాయి.

బల్ల కింద బోర్డు మునిగిపోవడం ఇద్దరం కళ్లారా చూశాం. నాకు వాడి తల పట్టుకుని ఆ నీళ్లలోనే ముంచాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

కారుకి ఏమీ కాలేదు. మామగారు చూసి, "సర్లే, పర్వాలేదు" అన్నారట. ఆ రెండు ముక్కల కోసం ఇంత సంబడం.

సాయంత్రం మేం చెంబులతో నీళ్లు తోడుతుంటే అల్లుడుగారు స్వయంగా వచ్చారు. తప్పయిందని చెప్పడానికేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని. ఫోను మా మొహాల ముందు పెట్టి, "మీరూ పడ్డారక్కా ఇందులో! జనం మీ గురించే రాస్తున్నారు" అన్నాడు.

చూశాను. నీళ్లు చిమ్ముకుంటూ కారు వస్తోంది. పక్కన నేను చేతులూపుతున్నాను. కింద ఎవరో రాశారు, "ఆ అక్క సంబరం చూడండి!" అని.

వదిన తడి చేతులు తుడుచుకుని ఫోను తీసుకుంది. మొదటి నుంచి మళ్లీ పెట్టి చూసింది. చెవికి ఆనించుకుని వింది.

"మా ఆడపడుచు అంతలా అరిచింది కదయ్యా, ఒక్కటీ వినపడదేం?" అంది.

"అదంతా తీసేశానక్కా," అన్నాడు. "గోలగా ఉందని పాట పెట్టాను."